పదడుగుల దూరంలో... అరకు!

శుక్రవారం అరకులో సంత. పొద్దెక్కకముందే కొండల మీది ఊళ్ల నుంచి జనం దిగుతారు. నెత్తిన బుట్టలు, భుజాన కావిళ్లు, కిక్కిరిసిన జీపులు... చింతపండు, పసుపు, అల్లం, రాజ్‌మా, కొండచీపుర్లు, అడ్డాకులు. అవి అమ్మి ఉప్పూ నూనే ఎండుచేపలూ కొనుక్కుని పొద్దువాలేలోపు మళ్లీ కొండెక్కాలి. ఎవరి హడావుడి వాళ్లది. దానికి కాస్త ఎడంగా, టీకొట్టు పక్కన నిలబడి ఉంటాడో పర్యాటకుడు. మెడలో మూరెడు టెలిఫొటో లెన్సు. యాభై అరవై అడుగుల నుంచి ఓ ముసలవ్వ ముఖాన్ని ‘లాగేస్తాడు’. ముక్కుకు మూడు పుడకలు, నుదుటి మీద ముడతలు, వెనకాలంతా మెత్తటి మసక. బొమ్మ అదిరింది! కానీ ఆ అవ్వ ఏం అమ్ముతోంది? పక్కన ఎవరున్నారు? అసలది సంతేనా? ఏదీ ఫొటోలో లేదు. తనను ఎవరో ఫొటో తీశారని అవ్వకూ తెలీదు.

రేంజ్‌ఫైండర్ కెమెరాతో ఈ పని కుదరదు. దానికి అంత పొడవాటి లెన్సులు పనికిరావు. మనిషి కావాలంటే మనిషి దగ్గరికి నడవాల్సిందే. ‘ఫొటో తీసుకోనా అమ్మా?’ అని అడగాల్సిందే. ఆ కెమెరాకున్న పెద్ద లోపం ఇదే. దాన్ని ప్రేమించేవాళ్లు దాన్ని వదలకపోవడానికి కారణమూ ఇదే. ఇక వాళ్ల మధ్య తెగని చర్చ ఒకటుంది... ఏ లెన్సు కొనాలి? ఏది తగిలిస్తే కెమెరా సంచిలో ఉండనివ్వదు? ఏది చేతికొస్తే చెయ్యి ఊరుకోదు? కొలతల పట్టికలు చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అరకు సంతలో ఒక పూట తిరిగితే ఇంకా బాగా తెలుస్తుంది.

రెండు బొమ్మలు ఒకటైతే...

ముందు ఈ కెమెరా సంగతి. పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్ల చేతుల్లో చాలాకాలం చూసిన ఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు వెనకాల ఓ అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన బొమ్మనే అది కంటికి చూపిస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు. కెమెరా నెత్తిన ఓ మూలన చిన్న కిటికీ. చూసేది దాంట్లోంచి. కాస్త ఎడంగా ఇంకో చిన్న కిటికీ. రెండింట్లోంచి వచ్చిన బొమ్మలూ మధ్యలో ఒకదానిమీదొకటి పడతాయి... మొదట్లో ఒక మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు. లెన్సు మీది చక్రం తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ ఒకటవుతారు. అంతే, ఫోకస్ కుదిరినట్టు. దూరాన్ని కొలిచే పాత సర్వే పరికరాల సూత్రమే ఇది.

అద్దం లేదు కాబట్టి లెన్సు ఫిల్ముకు బాగా దగ్గరగా కూర్చోగలదు. అందుకే ఈ లెన్సులు చాలావరకు గుప్పిట్లో పట్టేంత చిన్నవి. బటన్ నొక్కినప్పుడు అద్దం లేచిపడే టప్‌మన్న చప్పుడూ ఉండదు. కిటికీలో కనిపించేది ఫొటోలో పడే భాగం మాత్రమే కాదు. చుట్టుపక్కల ఇంకొంత కనిపిస్తుంది, పడే భాగానికి గీతలు గీసి ఉంటాయి. అంటే, గీత బయటి నుంచి పిల్లాడొకడు పరిగెత్తుకుంటూ వస్తుంటే వాడు లోపలికి అడుగుపెట్టేదాకా కాచుకోవచ్చు. సంతలో ఇది ఎంత సుఖమో వాడినవాళ్లకే తెలుస్తుంది.

లోపాలూ తక్కువేం కాదు. చాలా లెన్సులు 70 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి రానివ్వవు, పాతవైతే మీటరు దాటి రావు. వలిసె పువ్వు మీద వాలిన తేనెటీగను తియ్యాలనుకునేవాళ్లు వేరే కెమెరా చూసుకోవడం మంచిది. అన్నట్టు, లెన్సుకు మూత ఉన్నా కిటికీలోంచి లోకం నిక్షేపంగా కనిపిస్తుంది! మూత తియ్యకుండా రీలు మొత్తం తీసిన మహానుభావులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

జర్మనీలోని వెట్జ్‌లార్‌లో ఆస్కార్ బార్నాక్ రూపకల్పన చేసిన లైకా 1925లో బజారుకొచ్చింది. లెన్సుతో కలిసి పనిచేసే రేంజ్‌ఫైండర్ 1932లో అటు లైకాలోనూ ఇటు కాంటాక్స్‌లోనూ వచ్చింది. 1954లో వచ్చిన లైకా ఎం3తో లెన్సు బిగించే పద్ధతి స్థిరపడిపోయింది. అప్పటి లెన్సు 2022లో వచ్చిన డిజిటల్ ఎం11కూ అలాగే బిగుస్తుంది. తాత కొన్న లెన్సు మనవడి కెమెరాకు పనికొస్తుందన్నమాట. లెన్సు ఎంపిక మీద ఇంత చర్చ నడవడానికి అదో కారణం. కెమెరాలు మారతాయి, లెన్సు ఉండిపోతుంది.

ముప్ఫై అయిదా? యాభయ్యా?

అసలు తగవు ఈ రెండింటి మధ్యే. లెక్క చాలా తేలిక. పదడుగుల దూరంలో ఒకావిడ పసుపు కుప్ప పోసుకుని కూర్చుందనుకోండి. 50 మి.మీ. లెన్సుతో కెమెరాను నిలువుగా పట్టుకుంటే ఏడడుగుల ఎత్తు, అయిదడుగుల కన్నా కాస్త తక్కువ వెడల్పు పడుతుంది. ఆవిడ పూర్తిగా వస్తుంది, కుప్పా వస్తుంది. ఆవిడే ముఖ్యం అన్నట్టుంటుంది. అదే దూరంలో 35 మి.మీ. లెన్సుతో అడ్డంగా పడితే పదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. ఆవిడతోపాటు పక్కన తూకం వేస్తున్న షావుకారి చెయ్యి, బేరమాడుతున్న మనిషి, వీపున కట్టుకున్న పాపాయి, వెనకాల కొండ... అన్నీ వచ్చేస్తాయి. 50 మనిషిని చెబుతుంది, 35 మనిషితోపాటు ఊరినీ చెబుతుంది.

50కి మహామహులే ఉన్నారు. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసాన్ జీవితంలో ఎక్కువభాగం లైకా మీద 50తోనే గడిపాడు. 1950 ఏప్రిల్‌లో రమణ మహర్షి చివరి రోజుల్లో తిరువణ్ణామలైలో ఉన్న ఫొటోగ్రాఫర్ ఆయనే. ఒకే లెన్సును ఏళ్ల తరబడి వాడితే జరిగేదేమిటంటే... కెమెరా కంటికి ఆనించకముందే ఎక్కడ నిలబడాలో కాళ్లకు తెలిసిపోతుంది. చెయ్యి ఊరుకోనివ్వని లెన్సు అంటే సగం ఇదే. గాజులో మహిమ కన్నా అలవాటులో ఉన్న బలం ఎక్కువ.

అయినా అరకు కొండల్లో మొదటి లెన్సుగా 35కే ఓటు వెయ్యాలి. ఒక కారణం ఫోకస్. ఎండ ఉన్నప్పుడు ఎఫ్/8 దగ్గర పెట్టి, దూరాన్ని 3 మీటర్లకు తిప్పి వదిలేస్తే, 35తో సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. మళ్లీ ఫోకస్ ముట్టుకోనక్కర్లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ కెమెరా ఎత్తి నొక్కేయొచ్చు. 50తో అదే లెక్క రెండుంబావు మీటర్ల నుంచి నాలుగుంబావు దాకానే. రెండో కారణం ఇంకా పెద్దది, దానికోసం కాస్త చరిత్రలోకి వెళ్లాలి. వెళ్దాం.

దానికి ముందు మిగతావి రెండు ముక్కల్లో. 28 మి.మీ. లెన్సు విస్టాడోమ్ పెట్టెలోనూ ఇరుకు ఇళ్లలోనూ బాగుంటుంది. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు మాత్రం చాలా కెమెరాల్లో దాని గీతలు మూలల్లో ఎక్కడో దాక్కుంటాయి. ఇక 90. గాలికొండ దగ్గర వరసలు వరసలుగా లేచిన కొండలకు, వంజంగి మీద తెల్లారగట్ల పరుచుకునే మబ్బుల సముద్రానికి దాన్ని మించింది లేదు. మనుషుల మీద వాడితే మాత్రం రేంజ్‌ఫైండర్ ఏడిపిస్తుంది. ఎఫ్/2 దగ్గర, రెండు మీటర్ల దూరంలో దానికి స్పష్టంగా కనిపించే మందం ఆరు సెంటీమీటర్లే. కన్ను కుదిరితే చెవి కుదరదు.

తలలు కొలిచిన కాలం

తూర్పు కనుమల గిరిజనుల్ని కెమెరా ముందు నిలబెట్టడం ఇవాళ్టిది కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా పనిచేసిన ఎడ్గర్ థర్స్‌టన్, కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాల గ్రంథం వెలువరించాడు. అప్పటి విశాఖ ఏజెన్సీలోని గదబలు, ఖోండులు, సవరలు అందులో ఉన్నారు. థర్స్‌టన్ కెమెరాతోపాటు కొలత పరికరాలూ వెంట తీసుకెళ్లేవాడు. తలల కొలతలు, ముక్కుల కొలతలు రాసుకునేవాడు. ఆ కాలపు కెమెరాలు ముక్కాలిపీట మీద నిలబెట్టే బరువైన పెట్టెలు. అందుకే ఆ ఫొటోల్లో మనుషులు కొయ్యబారిపోయి నిలబడి ఉంటారు. నవ్వు లేదు, పని లేదు. ‘ఇదిగో ఈ తెగ ఇలా ఉంటుంది’ అన్నట్టు ఓ నమూనా... అంతే.

ముప్ఫై ఏళ్లు గడిచాయి. వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ మన దగ్గరికొచ్చాడు. 1939లో రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశీయుడిగా లెక్కగట్టి హైదరాబాద్ సంస్థానం దాటొద్దంది. ఆ శిక్షే వరమైంది! 1940లో చెంచుల దగ్గరికి, 1941లో గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్లాడు. భార్య బెట్టీతో కలిసి వాళ్ల ఊళ్లలోనే మకాం. పాపికొండలనే ఇంగ్లిషువాళ్లు బైసన్ హిల్స్ అన్నారు. అక్కడి కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆయన తీసిన వేల ఫొటోలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఇక్కడే ఉంది అసలు విషయం. ఈ కొన్నేళ్లలో పోలవరం ముంపు వల్ల దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డు పల్లెలు ఖాళీ అయ్యాయి. కొండరెడ్ల పల్లెలూ వాటిలో ఉన్నాయి. ఊరు నీళ్లలోకి వెళ్లాక ఆ ఊరి మనవళ్లకు ఏ ఫొటో కావాలి? తాత ముఖం కావాలి, నిజమే. ఆ ముఖం వెనకాల ఇంటి గోడ కావాలి. వాసాలకు వేలాడే సొరకాయ బుర్ర, గుమ్మం ముందు దంచుతున్న రోకలి, పశువుల పాక, ఏరు... అన్నీ కావాలి. ముఖాన్ని చెక్కి తీసి వెనకాలంతా మసక చేసే లెన్సుకు ఇవేవీ దొరకవు. 35కు దొరుకుతాయి. అరకుకు 35 అనడానికి రెండో కారణం అది.

తెలుగు ఫొటోగ్రాఫర్లలో గిరిజనుల చిత్రాలంటే చాలామందికి గుర్తొచ్చే పేరు బండి రాజన్‌బాబు. కరీంనగర్ జిల్లా కోరుట్లలో పుట్టి, హైదరాబాద్‌లో ఎందరికో ఫొటోగ్రఫీ నేర్పి, 2011లో కన్నుమూశారాయన. ఆయన తర్వాత అరకు దారి పట్టిన కెమెరాలకు లెక్కలేదు. అదే చిక్కు కూడా. పొరుగున ఒడిశాలో 2012లో ప్రభుత్వమే కల్పించుకోవాల్సి వచ్చింది. బొండాలు, డోంగ్రియా కోందుల వంటి తెగల ఇళ్లకు పర్యాటకులు పోవడం మీద, వాళ్ల ఫొటోలు తియ్యడం మీద ఆంక్షలు పెట్టింది. మన వైపు సంతల్లో ఇప్పటికీ కెమెరా చూడగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే ఆడవాళ్లు కనిపిస్తారు. అది సిగ్గనుకుంటే పొరపాటు. ఒద్దని చెప్పడమది. పదడుగుల దూరంలో నిలబడ్డవాడికి అది అర్థమవుతుంది, అరవై అడుగుల దూరంలో ఉన్నవాడికి ‘భలే ఫోజు’లా కనిపిస్తుంది.

మంచులో పాత గాజు

చలికాలం అరకులో పొద్దున ఎనిమిది దాటినా మంచు విడవదు. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. నవంబరు నుంచి జనవరి దాకా ఎర్రటి పళ్లు కోస్తుంటారు. అక్కడ వెలుతురు తక్కువ. ఇళ్లలోపల ఇంకా తక్కువ. పొయ్యి మంట వెలుగే దిక్కు. కాబట్టి ఎఫ్/2 వరకైనా తెరుచుకునే లెన్సు ఉంటే మంచిది. ఎఫ్/1.4 ఉంటే నెగడు చుట్టూ ధింసా ఆడేటప్పుడు పనికొస్తుంది. అంతకన్నా పెద్ద కంటి లెన్సులు బరువు, ధర, గొప్పలు... మూడింటినీ పెంచుతాయి. కొండెక్కేటప్పుడు మూడూ బరువే.

మంచులో ఇంకో తమాషా. కొత్త లెన్సుల గాజు మీద ఎన్నో పొరల పూత ఉంటుంది. ఎదురు వెలుతురులోనూ నలుపు నల్లగా, తెలుపు తెల్లగా వస్తుంది. 1950ల నాటి లెన్సుకు పూత పలచన. సూర్యుడు ఎదురుగా ఉంటే బొమ్మంతా పాలు కలిపినట్టవుతుంది. పట్టిక ప్రకారం అది లోపం. మంచు కప్పిన వలిసె చేల ముందు మాత్రం ఆ లోపమే అందం. పచ్చటి పూలు మంచులో కరిగిపోతున్నట్టుంటాయి. ఏ లెన్సైనా ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మంచు తెల్లగా ఉండేసరికి కెమెరాలోని మీటరు మోసపోయి ఫొటోను చీకటి చేస్తుంది. ఒక స్టాప్ వెలుతురు ఎక్కువ ఇవ్వాలి.

రైల్లో వెళ్లేవాళ్లకు ఇంకో పరీక్ష. కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలు. చీకటి, వెలుగు, చీకటి, వెలుగు... సొరంగం బయటికి రాగానే లోయ కనిపించేది కొన్ని క్షణాలే. అప్పుడు ఫోకస్ చక్రం వెతుక్కుంటూ కూర్చుంటే ఇంకో సొరంగం వచ్చేస్తుంది. లెన్సును ముందే అనంతానికి తిప్పి ఉంచుకున్నవాడే గెలుస్తాడు. రేంజ్‌ఫైండర్ లెన్సు చాలావాటికి అడుగున వేలు పట్టే చిన్న కొక్కెం ఉంటుంది. అలవాటైతే చూడకుండానే అది ఎంత దూరంలో ఉందో వేలికి తెలిసిపోతుంది. ఈ ఒక్క కొక్కెం కోసం లెన్సు కొనేవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టలేం.

జేబు ఏమంటోంది?

కొత్త లైకా లెన్సు ధర లక్షల్లో. ఆ మాట వినగానే ఈ చర్చ మనది కాదనుకుని పేజీ తిప్పెయ్యకండి. జపాన్‌కు చెందిన కొసినా సంస్థ 1999 నుంచి వొయిట్‌లాండర్ పేరుతో రేంజ్‌ఫైండర్ కెమెరాలు, లెన్సులు తెచ్చింది. కెమెరాల తయారీ ఆపేసినా లెన్సులు ఇంకా వస్తున్నాయి, లైకా ధరలో చిన్న వంతుకే. ఇంకా చవగ్గా కావాలంటే సోవియట్ కాలపు జోర్కీ, ఫెడ్ కెమెరాలు, వాటి జూపిటర్-8 లెన్సు. 50 మి.మీ., ఎఫ్/2. జర్మన్ జైస్ సోనార్‌కు చుట్టమే. ఇవి ఒకటి బాగుంటే ఒకటి బాగుండదు. చేత్తో తిప్పి, ఓ రీలు తీసి చూసుకోకుండా కొనకూడదు.

కొన్ని ఇళ్లలో అటక మీద ఇంకోటి ఉంటుంది. యాషికా ఎలక్ట్రో 35. 1966లో మొదలైన ఈ రకం కెమెరాలు విదేశాల నుంచి వచ్చిన చుట్టాల సంచుల్లో మన ఊళ్లకూ చేరాయి. లెన్సు 45 మి.మీ., ఎఫ్/1.7. ఊడదీసే వీల్లేదు. అంటే ఎంపిక గొడవే లేదు! దానికి కావాల్సిన పాత మెర్క్యురీ బ్యాటరీ ఇప్పుడు రావడం లేదు కానీ, చిన్న తొడుగు వేసి వేరే బ్యాటరీతో నడిపిస్తున్నారు. ఏ లెన్సు కొనాలా అని రెండేళ్లు ఆలోచించే మనిషికన్నా అటక మీది యాషికా దించి మూడు సంతలు తిరిగిన మనిషే ముందుంటాడు.

పాత లెన్సు ఏది కొన్నా ఒక పరీక్ష తప్పనిసరి. వెనకవైపు నుంచి టార్చి వేసి గాజులోంచి చూడాలి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే బూజు పట్టినట్టు. విశాఖ ఉక్కలో, ఏజెన్సీ వానల్లో బూజు పెరిగినంత బాగా ఇంకేదీ పెరగదు. అరకు నుంచి తిరిగొచ్చాక తడి ఆరకుండానే లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచేస్తే బూజుకు పెళ్లిభోజనమే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు... ఖర్చు తక్కువ, ఆయుష్షు ఎక్కువ.

ఇవేవీ లేనివాళ్లకూ దారుంది. అద్దంలేని డిజిటల్ కెమెరాలు చాలావాటికి ఓ అడాప్టరు పెడితే ఈ లెన్సులు బిగుస్తాయి. చేతిలో ఫోను తప్ప ఏమీ లేదా? ఫోన్ల ప్రధాన కెమెరా చాలావరకు 24, 26 మి.మీ. లెన్సుతో సమానం. తెర మీద రెండింతలు అని నొక్కితే దాదాపు 50 చూపు వస్తుంది. దాన్ని అక్కడే ఉంచి, రోజంతా వేళ్లతో జూమ్ చెయ్యకుండా కాళ్లతోనే ముందుకూ వెనక్కూ జరుగుతూ తీసి చూడండి. సాయంత్రానికి మీది 35 కన్నో 50 కన్నో తెలిసిపోతుంది. లెన్సు కొనడం ఆ తర్వాత.

సంతకు వెళ్లినప్పుడు కెమెరా ముందుగా బయటికి తియ్యకపోవడం మంచిది. అల్లమో పసుపో కొనాలి. అక్కడ తెలుగు అర్థమవుతుంది కానీ తమలో తాము చాలామంది మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా. బేరం అయ్యాక అడిగితే కొందరు సరేనంటారు, కొందరు తలడ్డంగా ఊపుతారు, కొందరు డబ్బులడుగుతారు. రిసార్టుల్లో ధింసా బృందాలు డబ్బుకు ఆడుతున్నప్పుడు సంతలో మనిషి తన ముఖానికి వెల అడిగితే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఎక్కువమంది అడిగేది మాత్రం ఒకటే... ‘ఫొటో ఇస్తావా?’ ఊ కొట్టి రైలెక్కేసేవాళ్లే ఎక్కువ. నాలుగూ ఆరు సైజు ప్రింటుకయ్యే ఖర్చు ఓ కప్పు కాఫీకన్నా తక్కువే. అచ్చు వేయించి, వెనకాల ఊరి పేరు, సంత తేదీ రాసుకుని మరో శుక్రవారం అదే చోటికి పట్టుకెళ్తే సరిపోతుంది. ఆ మనిషి ఆవేళ రాకపోయినా పక్కన కూర్చున్నవాళ్లు చూడగానే గుర్తుపడతారు, తీసుకెళ్లి ఇస్తారు. 35తో తీసినదైతే వాళ్లూ అందులో ఉంటారు కాబట్టి రెండు కాపీలు వేయించుకోవాలి.